గీతల్లేని వేలు

ఆమె పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఒక కాగితం మీద నా చేత్తో రాశాను. అది చాలు.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో పెరుగన్నం కలుపుకుంటుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. మా ఉద్యోగంలో తెలియని నంబర్లు కూడా ఎత్తాలి. ఎక్కడో లిఫ్టు ఆగి ఉంటుంది, లేకపోతే ఎవరి నెత్తి మీదో ఏసీ కారుతుంటుంది. అవతల ఒక ఆడమనిషి గొంతు. తన తల్లి పేరు చెప్పి, "మీ బిల్డింగుల హౌస్‌కీపింగ్ చేస్తుండె సార్, యాదికున్నదా?" అంది.

యాదికి లేకపోవడమా! ఆ పేరు విన్నాక ముద్ద నోటిదాకా పోలేదు.

"అమ్మ పానం పోయింది సార్. పదకొండో దినానికి ఊరికి పోతున్నం. పటం కట్టిద్దామంటే ఒక్క మంచి ఫోటో లేదు. ఫోన్ల ఉన్నయి గని, అన్నిట్ల కొంగు అడ్డం పెట్టుకున్నది. గేట్ పాసుకు తీసిన ఫోటో మీ కాడ ఉంటదేమోనని చేసిన."

ఎలా పోయిందమ్మా అని అడిగాను. "నిద్దట్లనే సార్. గుండె ఆగింది అన్నరు."

గుండె అనగానే నా ఒళ్లు తేలికపడింది. చర్మం అనలేదు, ఊపిరితిత్తులు అనలేదు. ఒక బిడ్డ తన తల్లి చచ్చిపోయిందని చెబుతుంటే, దేనివల్ల కాదో లెక్క చూసుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. నేను ఎలాంటివాణ్నో ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే ఆమె గురించి రాస్తూ రాస్తూ నన్ను నేను మంచివాడిగా దిద్దుకుంటానేమోనని భయం.

నేను నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల భవనానికి ఫెసిలిటీస్ మేనేజర్ని. అనంతపురం నుంచి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టా పట్టుకుని పరిశోధన చేద్దామని వచ్చాను. చివరికి నేల తుడిచే మందులకు ఆర్డర్లు పెట్టే పనిలో స్థిరపడ్డాను. పెళ్లిళ్లలో బంధువులు ఇప్పటికీ "మావాడు కెమిస్టు" అని పరిచయం చేస్తారు. నేను కాదనను.

ఆమె మా దగ్గర నాలుగేళ్లు పనిచేసింది. పాలమూరు వైపు మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. బకెట్టు తోసుకుపోవడానికి చక్రాల బండి ఇస్తే దాన్ని లిఫ్టు పక్కన నిలబెట్టి, బకెట్టును బిందెలాగా నడుముకు ఎత్తుకునేది. "బండి సప్పుడుకు కంపూటరోళ్లు తలలెత్తి సూస్తరు సార్, నాకు సిగ్గైతది" అనేది. అలాగని నోరు లేని మనిషేం కాదు. నేలతో మాట్లాడేది. కాఫీ మిషను దగ్గర రోజూ ఒకేచోట మరక పడేది. దాని ముందు గొంతుక్కూర్చుని, "ఏందే, నిన్ననే గదనే నిన్ను సాగనంపిన? మళ్ల పుట్టింటికొచ్చినవా?" అని తిడుతూ రుద్దేది. కాఫీకి వచ్చిన కుర్రాళ్లు నవ్వేవాళ్లు. ఆమె తలెత్తకుండానే "నవ్వుండ్రి నవ్వుండ్రి, కప్పు మాత్రం సక్కగ పట్టుకోండ్రి" అనేది.

పొద్దున్నే వెనక గేటు దగ్గర హాజరు మిషనుతో ఆమెకు ఒక రోజువారీ యుద్ధం ఉండేది. వేలు పెడితే అది పట్టుకునేది కాదు. లోపలినుంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో మళ్లీ ప్రయత్నించమనేది. "ప్రయత్నిస్తున్న గదనే తల్లీ, జర ఓపిక పట్టు" అని ఆమె జవాబు చెప్పేది. బొటనవేలు నూనె తలకు రాసుకుని పెట్టేది. నుదుటికి రాసుకుని పెట్టేది. నోటి ఆవిరి ఊది పెట్టేది. వెనక వరుసలో వాళ్లు గోల చేసేవాళ్లు. చివరికి సెక్యూరిటీ అతను పుస్తకంలో రాసుకుని లోపలికి పంపేవాడు. నేను కారు నిలిపి ఆ గేటు మీదుగానే వచ్చేవాణ్ని కాబట్టి ఇది వందసార్లు చూశాను, వందసార్లూ నవ్వాను. మొదటి రెండేళ్లు మిషను ఆమె వేలిని పట్టుకునేదనీ, తర్వాతే పట్టుకోవడం మానేసిందనీ నాకు తట్టనేలేదు.

షిఫ్టు అయిపోయాక ఇంకో పని చేసేది. సర్వీసు లిఫ్టు వెనక ఒక కుళాయి ఉంది. అక్కడ కూర్చుని, కొంగున ముడేసి తెచ్చుకున్న రెండు కుంకుడుకాయలు రాయితో కొట్టి, నలిపి, ఆ రసంతో మోచేతుల దాకా రుద్దుకునేది. నల్లటి గింజలు కడిగి మనవరాలు ఆడుకోవడానికి డబ్బాలో వేసుకునేది. కడిగిన నీళ్లు మాత్రం కాలువలోకి పోనిచ్చేది కాదు. కింద ఒక పాత గిన్నె పెట్టి పట్టుకుని, గోడవార క్రోటన్ల మొదట్లో పోసేది. ఒకసారి అటుగా పోతూ ఎందుకమ్మా ఈ చాదస్తం అని అడిగాను.

"మా కాడ కట్టుబాటు సార్. తలకు పోసుకున్నా, చీరెలు జాడించినా కుంకుడు నీళ్లు మడుగుల కలవనియ్యరు. గట్టు మీదనే మన్నుల పోయాలె. నా చిన్నప్పుడు ఎవలో చేపల ఆశకు బస్తెడు కాయలు దంచి మడుగుల కలిపిండ్రు. తెల్లారేసరికి చేపలన్నీ ఎల్లెల్కల తేలినయి. కప్పలు సుత. ఆ ఏడు కొంగలు గూడ రాలే. మన్ను మింగుతది సార్, నీళ్లు మింగయి."

నాకు ముచ్చటేసింది. ఎందుకంటే ఇందులో ఉన్న రసాయనశాస్త్రం నాకు తెలుసు. సబ్బులాంటి పదార్థాలన్నిటికీ ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకో కొస జిడ్డును పట్టుకుంటుంది. వాటిలో విద్యుదావేశం లేని రకాన్ని నాన్‌అయానిక్ సర్ఫాక్టెంట్ అంటారు. కుంకుడు రసంలో ఉన్నది ఆ జాతిదే. మన బోరు ఉప్పునీళ్లలో మామూలు సబ్బు విరిగిపోతుంది గానీ ఇది విరగదు. జిడ్డు పొరనూ చేప మొప్పల మీది సన్నని పొరనూ అది వేరుచేసి చూడదు. చేపకు ఊపిరి అందదు. పుస్తకాల్లో నేను చదివిన సంగతిని వాళ్ల ఊరు ఒక మడుగు చచ్చిపోతే నేర్చుకుంది. ఇదంతా ఆమెకు చెప్పాలనిపించింది, కానీ చెప్పలేదు. ఒక మేనేజరు హౌస్‌కీపింగ్ మనిషితో కుళాయి దగ్గర నిలబడి ఎంతసేపు మాట్లాడతాడు?

కరోనా తర్వాత ఆఫీసులన్నీ మళ్లీ తెరుచుకున్న ఏడాది అది. ఎవరిని చూసినా శుభ్రం, శుభ్రం. పూటకు నాలుగుసార్లు నేలలు తుడిపించాం. పాత మందు ఖరీదెక్కువని పైనుంచి మాటొచ్చింది. ఇంకో సరఫరాదారు నీలం డ్రమ్ముల్లో చిక్కటి మందు పంపాడు. అదీ నాన్‌అయానిక్ రకమే, కానీ కుంకుడుకు బొత్తిగా దూరపు చుట్టం. నోనైల్‌ఫినాల్ అనే దాని నుంచి చేసింది. ఇది ప్రకృతిలో విరుగుతుందని అమ్మేవాడు ధ్రువపత్రం ఇచ్చాడు. విరుగుతుంది, అబద్ధం కాదు. కానీ విరిగాక మిగిలే ముక్క మొత్తం కన్నా మొండిది. బురదలో దిగి కూర్చుంటుంది. ఆడ హార్మోనులా నటించి చేపల పుట్టుకనే తారుమారు చేస్తుంది. ఈ సంగతి డ్రమ్ముతో వచ్చిన భద్రతా పత్రంలో చిన్న అక్షరాల్లో ఉంది. చదివాను. మా మొత్తం భవనంలో ఆ పత్రం అర్థమయ్యేది బహుశా నా ఒక్కడికే. దాన్ని సొరుగులో పెట్టాను.

డ్రమ్ముల మీద ఒక హెచ్చరిక గుర్తు కూడా ఉండేది, ఎర్ర గీతల డబ్బాలో ఎండిన చెట్టు, దాని పక్కన తిరగబడ్డ చేప. ఆ మందు వచ్చిన రెండో ఏడు, ఇంకో కొద్దివారాల్లో పర్యావరణ తనిఖీ ఉందన్నారు. పచ్చటి ఆకు బొమ్మ స్టిక్కర్లు వంద అచ్చు వేయించి, సరిగ్గా ఆ గుర్తు మీద అంటించమని చెప్పింది నేనే.

మా సూపర్‌వైజరు కాకినాడ మనిషి. బకెట్టుకు ఒక మూత చాలని డ్రమ్ము మీద రాసి ఉంటే మూడు పోయించేవాడు. "నురుగు కనబడకపోతే కడిగినట్టుండదండి సార్. క్లయింటు మేడం గారు నురుగు చూసే నడుస్తారండి" అనేవాడు. మురికి పోవడానికి నురుగుతో పెద్ద పని లేదని నాకు తెలుసు. కానీ ఆ మేడం మెచ్చుకుంటూ రాసిన మెయిలు నాకే వచ్చింది. గ్లౌజులు ఇచ్చాం. అన్నీ ఒకే సైజు, మగవాళ్ల చేతులవి. వాటితో ఆమె బట్ట పిండలేకపోయేది. తీసి నడుముకు దోపుకునేది. తనిఖీకి వచ్చినప్పుడు తొడుక్కోమని మాత్రం చెప్పేవాణ్ని.

ఒకరోజు మూడు గంటలప్పుడు ఆమె నా క్యాబిన్ తలుపు దగ్గరికొచ్చింది. అంతకుముందెన్నడూ రాలేదు. చేతిలో ఒక ప్లాస్టిక్ సీసా, అందులో నీళ్లు, పైన బెత్తెడు నురుగు.

"పొద్దుగాల ఏడు గొట్టంగ కలిపిన సార్. గిప్పుడు మూడైంది. సూడుండ్రి, నురుగు ఇంక సావలే. కుంకుడుదైతే అన్నం తినేలోపల సస్తది." సీసా నా టేబులు మీద పెట్టలేదు, నేల మీద పెట్టింది. "గీ నీళ్లు యాడికి పోతయి సార్?"

"కింద పెద్ద మిషనుందమ్మా. అన్నిటినీ శుభ్రం చేస్తుంది. ఆ నీళ్లే చెట్లకు పోస్తాం."

"మిషను నురుగును తింటదా?"

"తింటుంది."

తర్వాత అరచేతిలో అతుక్కుని ఉన్న ఒక ఆకుపచ్చ స్టిక్కరు ముక్క చూపించింది. "డ్రమ్ము కడుగుతుంటే ఊడొచ్చింది సార్. ఆకు కింద చేప ఉన్నది, ఎల్లెల్కల. ఎందుకున్నది సార్ అది?"

అక్షరం రాని మనిషి ఆమె. ఆ బొమ్మను అచ్చంగా అలాంటివాళ్ల కోసమే గీశారు. మన పని పద్ధతి చూడండి, దాన్ని చదవగలిగిన ఒకే ఒక్క మనిషి కంటికి అది కనబడకుండా చేయించాను.

"అది కంపెనీ గుర్తమ్మా," అన్నాను.

"గంతేనా," అంది. నమ్మింది. నేను చెప్పాను కదా మరి. పోతూ పోతూ స్టిక్కరు ముక్క ఎక్కడ పారేయాలని అడిగి, నా చెత్తబుట్టలోనే వేసి వెళ్లింది. ఆ చేతి వేళ్ల చివర్లు ఉడకబెట్టిన కాబూలీ శనగల్లా తెల్లగా, నున్నగా ఉన్నాయి. చూశాను. చూసి కంప్యూటరు వైపు తిరిగాను.

తర్వాత సంగతి త్వరగా చెప్పేస్తాను. నెమ్మదిగా చెప్పే ధైర్యం లేదు.

తనిఖీ సోమవారం. ముందు శనివారం భవనమంతా రుద్ది కడిగే పని పెట్టాం. ఆ పొద్దున్నే మురుగుశుద్ధి ప్లాంటు ఆపరేటరు ఫోన్ చేశాడు, తొట్టిలోంచి నురుగు పొంగి మెట్ల మీదికి వస్తోందని. సోమవారం తనిఖీ వాళ్లు మొదట దిగేది అక్కడికే. సూపర్‌వైజర్ని పిలిచి, ఈ రెండు రోజులు కడిగిన నీళ్లు ప్లాంటుకు పంపొద్దు, వాన కాలువలో వదిలేయమన్నాను. నోటిమాటే, కాగితం మీద ఏమీ లేదు. వాన కాలువ భవనం ముందున్న కొలనులోకి వెళుతుంది. ఆ కొలనులో రంగు చేపలుండేవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉద్యోగులు వాటి చుట్టూ నడిచేవాళ్లు. కాలువ కొలనులోకి వెళుతుందన్న సంగతి ఆ క్షణాన మరిచిపోయానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఆ కాలువల నక్షా నా టేబులు గాజు కిందే ఉండేది.

శనివారం మధ్యాహ్నం కిందికి దిగితే ఆమె ఎదురొచ్చింది, రెండు చేతుల్లో రెండు బకెట్లు.

"వాన కాలువల సబ్బునీళ్లు పోస్తున్రు సార్ అందరు. మీరే చెప్పిండ్రట. నిజమేనా?"

"ఈ రెండు రోజులే. నేను చెబుతున్నాను కదా, ఏం కాదు."

"నేనైతే పొయ్య సార్. తప్పువట్టుకోకుండ్రి. నా బకెట్లు నేను మోస్కపోయి చెట్ల కాడ పోసుకుంట."

చెట్ల మడులు కొలనుకు అవతలి పక్క. పోసుకో, నీ ఇష్టం అన్నాను. ఆ రోజు ఆమె ఎన్ని బకెట్లు మోసిందో నాకు తెలియదు. సాయంత్రానికి నడుము పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. ఆ డ్రమ్ముల మందును మన్ను కూడా పూర్తిగా మింగదని నాకు తెలుసు. అయినా ఆ రోజు ఆ భవనంలో నీళ్ల గురించి ఆలోచించిన మనిషి ఆమె ఒక్కతే.

సోమవారం తెల్లారేసరికి చేపలన్నీ తేలాయి. తనిఖీ వాళ్లు వచ్చేలోపు తీసేయమని అరిచాను. సూపర్‌వైజరు నల్ల కవర్లు తెచ్చాడు. ఆమె కవరు తీసుకోలేదు. మోకాళ్ల లోతు దిగి ఒక్కొక్క చేపనూ చేత్తో ఎత్తి కొంగులో వేసుకుంది. ఈసారి ఎవరితోనూ మాట్లాడలేదు, నీళ్లతోనూ మాట్లాడలేదు. మడుల దగ్గర మన్ను తవ్వి పాతిపెట్టింది. పైకొచ్చాక నా వైపు చూసి, "కంపెనీ గుర్తు గట్లనే ఉన్నది సార్," అంది. ఎత్తిపొడుపో, అమాయకంగానే అందో ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను.

క్లయింటు వాళ్లు విచారణ అడిగారు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే ముందుకెళ్లి, రిపోర్టు నేను రాస్తానన్నాను. కెమెరా రికార్డు తీశారు. వాన కాలువ మూతలు వెనక వైపు ఉన్నాయి, అక్కడ కెమెరా లేదు. ముందు కొలను దగ్గర ఉంది. అందులో శనివారమంతా కనబడేది ఒకే ఒక్క మనిషి. రెండు బకెట్లతో కొలను వైపు పోతోంది, ఖాళీ బకెట్లతో తిరిగొస్తోంది. మడులు కెమెరా చూపుకు అందవు.

ఆమె ఎటు పోతోందో నాకు తెలుసు. నా నోటితోనే సరేనన్నాను. క్లయింటు మేడం తెర మీద వేలు పెట్టి "ఈమేనా?" అంది. నేను "అవును" అన్నాను. నా ఉద్యోగం, సూపర్‌వైజరు ఉద్యోగం, కాంట్రాక్టు, అన్నీ ఆ ఒక్క అవునుతో నిలబడ్డాయి. తిలా పాపం తలా పిడికెడు అంటారు. మేం పంచుకోలేదు. మొత్తం ఎత్తి ఆమె కొంగులోనే పోశాం.

క్లయింటుకు ఇంగ్లీషులో రిపోర్టు రాశాను. దానికి జతగా ఆమె చెప్పినట్టు తెలుగులో ఒక వాంగ్మూలం కావాలన్నారు. నా చేతిరాతతోనే రాశాను. పైన ఆమె పేరు. కింద మూడు వాక్యాలు: శనివారం నేను బకెట్లలోని మురికినీళ్లు తెలియక కొలనులో పోశాను. అందువల్ల చేపలు చనిపోయాయి. ఇందుకు నాదే బాధ్యత.

ఆమెను పిలిపించాను. కొంగు చేతికి చుట్టుకుని నిలబడింది. కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది.

"సార్, పని పోతే పోనియ్యుండ్రి. ఫికర్ లేదు, ఇంకో కాడ చూస్కుంట. గని నేను చేపల సంపిన అని మాత్రం రాయకుండ్రి. మా ఊర్ల ఎరుకైతే మొకం ఎట్ల పెట్టుకోవాలె? ఇందుల గట్ల రాసి ఉన్నదా సార్?"

చదివి వినిపించమని కూడా అడగలేదు. ఉందా లేదా, అంతే అడిగింది.

"లేదమ్మా," అన్నాను. "నిన్ను కొండాపూర్లో వేరే బిల్డింగుకు మారుస్తున్నామని ఉంది."

"గంతేనా," అంది. మొహం విప్పారింది. "మీరు మంచోళ్లు సార్."

ఇంకు డబ్బీ జరిపాను. బొటనవేలు అద్ది నొక్కింది. కాగితం మీద ఒక నల్లటి మచ్చ పడింది. గీత అనేదే లేదు. గుడ్డతో తుడిచి మళ్లీ నొక్కించాను. మళ్లీ మచ్చే. మూడోసారి ఆమె అలవాటు ప్రకారం వేలు తలకు రాసుకుని నొక్కింది. ఇంకు జుట్టుకు అంటింది. "గిది నా తోని ఎప్పుడూ గింతే పరేషాన్ సార్," అని నవ్వింది. ఆ వేళ్లను మేం ఏం చేశామో అప్పుడు, అంత ఆలస్యంగా, నాకు అర్థమైంది. మూడు నల్ల మచ్చల కింద సాక్షిగా నా సంతకం ముత్యాల్లా ఉంది.

ఆమె కొండాపూర్ వెళ్లిపోయింది. ఆ మందును ఇంకో రెండేళ్లు వాడాం. మానేసింది ఆమె చెప్పినందుకు కాదు, నాకు బుద్ధొచ్చినందుకూ కాదు. క్లయింటు విదేశీ ఆఫీసు వాళ్ల నిషేధపు జాబితాలో దాని పేరుందని మెయిలొచ్చింది, ఆ సాయంత్రమే డ్రమ్ములు పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నామని కూడా అనలేను, కాలిన చేతులు మావి కావు. కొలనులో ఇప్పుడు కొత్త చేపలున్నాయి. నేను అటుపక్క నడవను.

కూతురు అడిగిన ఫోటో కోసం పాత ఫైళ్ల గది తెరిపించాను. గేట్ పాసు ఫారం దొరికింది. ఫోటోలో ఆమె సూటిగా చూస్తోంది. కొంగు అడ్డం లేదు. తీసేవాడు మాట్లాడొద్దని ఉంటాడు, అయినా ఏదో అనబోతున్నట్టు పెదవులు కాస్త విడివడి ఉన్నాయి. ఫారం వెనకే ఆ వాంగ్మూలం. ఎవరో పద్ధతిగా రెంటినీ కలిపి పిన్ను కొట్టారు.

ఫోటో ఫోన్లో పంపేయవచ్చు. పంపలేదు. పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, ఆదివారం మణికొండ నుంచి షేర్ ఆటో ఎక్కి నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లోకి వెళ్లాను. సంచిలో ఫ్రేము పక్కన ఆ కాగితం కూడా పెట్టుకున్నాను. చూపిద్దామని పెట్టుకున్నానో, చూపించకుండా తిరిగొచ్చి నన్ను నేను తిట్టుకుందామని పెట్టుకున్నానో నాకే తెలియదు.

కిరాయి గది. మా భవనం నీడ సాయంత్రమైతే ఆ సందు మీదే పడుతుంది. ఇన్నేళ్లూ ఇంత దగ్గరున్నారని నాకు తెలియదు. కూతురు కుట్టుమిషను జరిపి కుర్చీ వేసింది. ఫ్రేము చేతికిస్తే రెండు చేతులా పట్టుకుని చూసి, "గిదే సార్, గిట్లనే ఉంటుండె," అని ఏడ్చింది. లోపలి మూల రెండో తరగతి చదివే మనవరాలు కుంకుడు గింజలు ముందు పోసుకుని, బడి గొంతుతో పాఠం పైకి చదువుతోంది.

కూతురు కళ్లు తుడుచుకుని అంది, "మీ గురించి చెప్తుండె సార్ అమ్మ. చేపలు సచ్చినప్పుడు అందరు నా మీదికి తోసిండ్రు, ఆ సారొక్కడే నా పేరు రాయలే అని. ఆఫీసు సార్లను ఎవలన్న తిడితే ఊకోకపోయేది. అందరట్ల ఉండరే అని మా మీదికే లేస్తుండె. జర కూసోండ్రి, చాయ్ పెడత."

చాయ్ తాగి లేచి రావచ్చు. ఆమె నాకిచ్చిన మంచిపేరు అలాగే ఉంటుంది. దాన్ని తీసుకుని ఇంటికి పోవచ్చు. కూర్చోలేకపోయాను. సంచిలోంచి కాగితం తీసి, "చదువమ్మా," అన్నాను.

పదో తరగతి దాకా చదివిన పిల్ల. పెదవులు కదుపుతూ చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. నా సంతకం మీద చూపు ఆగలేదు. నల్ల మచ్చల మీద వేలు పెట్టింది.

"ఇది మా అమ్మ వేలే సార్," అంది. "గీతల్లేవు. రేషన్ దుకాణంల గూడ గిట్లనే పడుతుండె."

వేలు తీయకుండానే, "చదివి ఇనిపించిండ్రా అమ్మకు?" అని అడిగింది.

"లేదమ్మా. నేను చంపినట్టు రాసి ఉందా అని అడిగింది. లేదన్నాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. మూల మనవరాలు ఒక మాట దగ్గర తడబడి, కూడబలుక్కుని, సరిగ్గా చదివింది. కూతురు అటు చూసింది. కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది.

"ఫోటో ఉంచుకుంటం సార్. ఇది మీరే తీస్కపోండ్రి," అంది. "మా ఇంట్ల ఇప్పుడు చదివేటోళ్లున్నరు."